మంచినీళ్లు వెతికిన మా క్లాసు

నేను ఎమ్మెస్సీలో చేరిన ఏడాది మా వీధిలో కనపడిన వాళ్లంతా ఒకే ప్రశ్న అడిగారు. "ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అంటే ఏంటమ్మా? మొక్కలు నాటడమా?"

మాది ఏలూరులో తివాచీలు నేసే ఇల్లు. మా నాన్న, పెదనాన్న ఒకే షెడ్డులో మగ్గాల ముందు కూర్చుని ఊలు ముళ్లు వేసేవారు. షెడ్డుకి ఎవరొచ్చినా మా నాన్న నా చదువు సంగతి ఎత్తేవారు. అదేమిటో విడమరిచి చెప్పడం మాత్రం ఆయనకి వచ్చేది కాదు. "భూమి గురించి, నీళ్ల గురించి, గాలి గురించి... అన్నీ చదువుతుందండీ మా అమ్మాయి" అనేవారు. 'అన్నీ' అనే మాట దగ్గర ఆయన గొంతు కాస్త పెరిగేది. నాకు లోపల్నుంచి నవ్వొచ్చేది, గర్వంగానూ ఉండేది.

కాలేజీ తాడేపల్లిగూడెంలో. పొద్దున్నే ఏలూరు స్టేషనులో ప్యాసింజరు ఎక్కేదాన్ని. భీమడోలులో నా స్నేహితురాలు ఎక్కేది. ఆమెది కొల్లేటి నీళ్ల మధ్య కాస్త మెరక మీద ఉన్న ఒక లంక ఊరు. వాళ్ల నాన్న ఒకప్పుడు సొంత వలతో చేపలు పట్టేవాడు, తర్వాత చేపల చెరువుల్లో పనికి కుదిరాడు. ఎండాకాలం ఆమె చెరువు గట్ల మీద ఆటోలో వచ్చేది. వానలు ముదిరితే ముందు దోనె, తర్వాత ఆటో, తర్వాత రైలు. చెప్పులు చేత్తో పట్టుకుని పెట్టెలోకి ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, కాళ్లకున్న బురద తుడుచుకున్నాకే నాతో మాట్లాడేది. వాళ్ల ఊళ్లో డిగ్రీ దాటిన మొదటి మనిషి ఆమే.

మా క్లాసు చాలా చిన్నది. సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేస్తారని ప్రతి సెమిస్టరులోనూ ఒక పుకారు పుట్టేది. ఫిజిక్సు, కంప్యూటర్ల వాళ్లు మమ్మల్ని 'బురద బ్యాచ్' అనేవారు. మాకు ఆ పేరు నచ్చింది. మేమే అలా పిలుచుకునేవాళ్లం. మా డిపార్ట్‌మెంట్ సారు భూగర్భశాస్త్రం చదివిన మనిషి. డెల్టాలో రైలుపట్టాల కింద కంకర తప్ప రాయి కనపడదు. అందుకని ఆయనే ఎక్కడెక్కడో ఏరుకొచ్చిన రాళ్లు ఒక చెక్కపెట్టెలో పెట్టి మా ముందుకి తెచ్చేవారు. "ఇక్కడ రాళ్లు లేవని బాధపడకండి. ఇక్కడ బురదుంది. రాయి కంటే బురదే ఎక్కువ మాట్లాడుతుంది, వినేవాళ్లుండాలిగాని" అనేవారు.

రెండో ఏడాది ప్రాజెక్టు చెయ్యాలి. ఎవరికి తోచిన విషయాలు వాళ్లు అనుకుంటున్నారు. ఒకరోజు రైల్లో నా స్నేహితురాలు పుల్ల స్టేషను దాటాక నావైపు తిరిగింది.

"మా ఊళ్లో పెద్ద బోరు వేయిస్తారంట. బాగా లోతుకి. టిన్నుల నీళ్లు కొనలేక విసిగిపోయేరు. లోతుకెళ్తే మంచినీళ్లు పడతాయని ఎవరో చెప్పేరంట."

"పడతాయా?" అన్నాను.

"అదే కదే మనం చూడాల్సింది. రెండేళ్ల నుంచీ భూగర్భజలాల పేపరు చదువుతున్నాం. మన ప్రాజెక్టు అదే ఎందుక్కాకూడదు?"

చుట్టూ కనుచూపుమేర నీళ్లే ఉన్న ఊరికి తాగడానికి నీళ్లు లేవు. కొల్లేటి నీళ్లు కాగబెట్టి తాగిన రోజులు వాళ్ల నాయనమ్మతోనే పోయాయి. పైనుంచి ఊళ్ల మురుగూ, చెరువుల నీళ్లూ దిగడంతో ఆ నీళ్లలో చెయ్యి కడుక్కోవడానికి కూడా మనసొప్పేది కాదు. ఆటోలో టిన్నులు వచ్చేవి. వాన రోజుల్లో ఆటో రాకపోతే వాళ్లమ్మ దోనెలో పక్క ఊరికెళ్లి బిందెలతో తెచ్చేది.

మేమిద్దరం వెళ్లి సారుకి చెప్పాం. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"చెయ్యండమ్మా, మంచి పని. కానీ ఒకటి గుర్తుంచుకోండి. మామూలు ప్రాజెక్టుకి నేను మార్కులేస్తాను, అయిపోతుంది. ఇక్కడ ఊరివాళ్లు 'నీళ్లు పడతాయా, పడవా' అని అడుగుతారు. దానికి మీరే జవాబు చెప్పాలి."

ఆయన మమ్మల్ని భయపెట్టడానికి అనలేదని అప్పుడే అర్థమైంది. మమ్మల్ని పెద్దవాళ్ల కింద లెక్కగట్టి మాట్లాడారు.

ఎండలు మొదలవుతున్న రోజుల్లో కొల్లేటికి వెళ్లాం. గుర్రపుడెక్క ఎండి గట్టున పడుంది. నా స్నేహితురాలి ఇంటి వెనక నీళ్లు వెనక్కి తగ్గిన చోట అడుగు బురదని పొరలు చెదరకుండా పైకి తియ్యాలని మా ఆలోచన. పెద్ద యంత్రాలు ఎక్కడివి? పొలాలకి వాడే ప్లాస్టిక్ పైపు తీసుకుని, అంచు పదును చేసి, బురదలోకి దింపాం. ఇద్దరం వేలాడితే దిగింది. పైకి లాగేసరికి బురదంతా జారిపోయి ఖాళీ పైపు వచ్చింది. మళ్లీ దింపాం, మళ్లీ ఖాళీయే. మోకాళ్ల దాకా దిగబడిపోయి, ముఖాల మీద కూడా బురద చింది, ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుంటూనే మళ్లీ పైపు దింపుతున్నాం.

వాళ్లమ్మ గట్టు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. "ఏం తీస్తున్నారే అమ్మా, ఆ బురద?" అంది.

"బురదే తీస్తున్నాం, రావట్లేదు" అంది కూతురు.

నాకు తట్టింది అప్పుడే. పైపు పైమూత గట్టిగా బిగిస్తే లోపలికి గాలి రాదు, గాలి రాకపోతే బురద జారదు. చిన్నప్పుడు సోడా తాగే గొట్టానికి పైన వేలు అడ్డం పెట్టి ఆడుకోని వాళ్లుండరు. తడిగుడ్డ ముద్ద చేసి పైన కుక్కాం, దాని మీద మూత బిగించాం. ఈసారి లాగుతుంటే పైపు బరువుగా వచ్చింది. ఆ బరువు ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. చదువు నా చేతికి మొదటిసారి బరువుగా తగిలింది అప్పుడే.

పైపుకి పైపు అతికించి ఇంకా లోతుకి వెళ్లాం. ఆ పైపులు తాడేపల్లిగూడెం తెచ్చి ల్యాబులో నిలువునా కోశాం. పైన నల్లటి బురద, గడ్డివేళ్లు. కింద బూడిదరంగు బంకమట్టి. ఇంకా కిందకి వెళ్తే ఆ బంకమట్టిలో తెల్లగా, గుత్తులుగా గుల్లలు. కొల్లేట్లో దొరికే గుల్లల్లా లేవు. సారు ఒకటి కడిగి వెలుతురులో తిప్పి చూసి, "ఇది ఉప్పునీళ్ల గుల్లమ్మా. మీ ఊరి కింద ఒకప్పుడు సముద్రపు నీళ్లు ఆడాయి" అన్నారు. నా స్నేహితురాలు ఆ గుల్ల అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తను పుట్టిన ఊరిని తను అప్పుడే చూస్తున్నట్టుంది.

ఒక్కో పొర మట్టిలోంచి నీళ్లు పిండి పరీక్ష చేశాం. లోతుకెళ్లేకొద్దీ ఉప్పు పెరుగుతోంది.

ఆ కబురు ఊళ్లో చెప్పడానికి పంచాయతీ ఆఫీసు ముందు అందరూ కూర్చున్నారు. బోరు సంగతి తేల్చాలి కాబట్టి ఆడవాళ్లు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. నా స్నేహితురాలు లేచింది. అక్కడున్న సగం మంది ఆమెని ఎత్తుకుని తిప్పిన వాళ్లే. గుల్లలు ఒక పళ్లెంలో పోసి చూపించింది. కింద పాత ఉప్పునీళ్లున్నాయని, లోతు బోరు వేస్తే ఉప్పే రావొచ్చని చెప్పింది.

ముందు వరసలో కూర్చున్న పెద్దాయన, బోరు కోసం అందరికంటే ఎక్కువ తిరిగిన మనిషి, తలెత్తాడు.

"రావొచ్చు ఏంటమ్మా? వస్తుందా, రాదా? ఒక్క మాట చెప్పు."

"మేం తీసిన చోటయితే ఉప్పే తాతయ్యా. అది గట్టిగా చెప్తాను. కానీ మేం తీసింది ఒక్కచోటే. ఊరంతా అలాగే ఉంటుందని ఇప్పుడు చెప్పలేను."

"అంటే తెలీదనేగా?"

జనంలో ఎవరో నవ్వారు. ఆమె మాత్రం గొంతు మార్చలేదు.

"తెలిసింది ఎంతో అంతే చెప్తున్నానండీ. తెలీనిది తెలుసని చెప్తే మీరు బోరేసి నష్టపోతారు. మాకు కొంచెం టైమివ్వండి. మా క్లాసందర్నీ తీసుకొచ్చి ఊరు చుట్టూ చూస్తాం. అప్పుడు చెప్తాను."

పెద్దాయన పక్కవాళ్ల వైపు తిరిగి, "ఇన్నేళ్లు టిన్నులే తాగేం. ఈ పిల్ల కోసం ఇంకొన్నాళ్లు తాగితే పోయేదేం లేదు. ఆగుదాం" అన్నాడు.

నేను అంతవరకు పరీక్షల్లో ర్యాంకులు వచ్చిన వాళ్లని చూశాను, స్టేజి మీద ధారాళంగా మాట్లాడేవాళ్లని చూశాను. తన ఊరి ముందు నిలబడి 'ఇంతవరకే తెలుసు' అని తల ఎత్తుకుని చెప్పిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆమె పక్కన నిలబడి ఉన్నందుకు నాకు కలిగిన గర్వం ఏ పట్టా పుచ్చుకున్నప్పుడూ కలగలేదు.

గూడెం తిరిగొచ్చాక ఉపగ్రహ చిత్రాలు ముందేసుకున్నాం. రిమోట్ సెన్సింగ్ పేపరు నాకు ఇష్టమైనది. కంప్యూటరు తెర మీద ఆ లంక ఒక బఠాణీ గింజంత ఉంది. దాని చుట్టూ చేపల చెరువులు గడులు గడులుగా. రంగులు మార్చి మార్చి చూస్తుంటే, ఊరికి తూర్పున వంకీ తిరిగిన ఒక లేతరంగు చార కనపడింది. గట్టు అయితే తిన్నగా ఉంటుంది, ఇది తిన్నగా లేదు. ఏరు తిరిగినట్టు తిరిగింది. ఆ చార ముందు చూసింది నేను. ఇందులో నాకంటూ దక్కిన భాగం అది, చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

"ఇక్కడేముందే మీ ఊళ్లో?" అని అడిగాను.

ఆమె తెరకి ముఖం దగ్గరగా పెట్టి చూసింది. "మా బడి వెనకాల. అక్కడ నేల ఇసకగా ఉంటాది. మేం కబడ్డీ ఆడేవాళ్లం, పడ్డా దెబ్బ తగలదని."

ఇద్దరం ఒకేసారి లేచి సారు గదికి పరిగెత్తాం. ఆయన చూసి, "పాత ఏరు అయి ఉండొచ్చు. ఏటి ఇసకలో వాననీళ్లు నిలవుంటాయి. ఉండొచ్చనే అంటున్నాను, ఉంటాయని కాదు. వెళ్లి చూద్దాం" అన్నారు.

బురద బ్యాచ్ మొత్తం కదిలింది. రైలు దిగి, ఆటోల్లో, భూమి లోపలి పొరలు చూసే రెసిస్టివిటీ మీటరు ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. నేలలో నాలుగు ఇనపరాడ్లు దిగ్గొట్టి, వాటికి తీగలు కట్టి, భూమిలోకి కరెంటు పంపిస్తాం. ఉప్పునీళ్లున్న మట్టిలో కరెంటు హాయిగా పారిపోతుంది. మంచినీళ్లున్న ఇసకలో అంత తేలిగ్గా పోదు. ఆ తేడాయే మీటరు చూపిస్తుంది: ఉప్పయితే అంకె తక్కువ, మంచినీళ్లయితే ఎక్కువ. రాడ్లు దూరం జరిపేకొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది.

తీగల చుట్టలు చూసి ఊరివాళ్లు గుమిగూడారు. "ఏవండీ, కరెంటు పెట్టి చేపలు పడతారా ఏంటి?" అని ఒకాయన అడిగితే అందరూ నవ్వారు. కాసేపటికి అడిగినాయనే తీగ భుజాన వేసుకుని చెరువు గట్టు మీద నడుస్తున్నాడు. పెద్దాయన గొడుగు తెచ్చి మీటరుకి నీడ పట్టాడు. "మనుషులు ఎండకి ఆగుతారు, మిషను ఆగదు" అన్నాడు. ఆయన మా పక్షం వచ్చేశాడని అర్థమైంది.

ఇళ్ల మధ్యన ఎక్కడ చూసినా అంకె అడుగునే ఉంది. ఉప్పు, ఉప్పు, అంతా ఉప్పే. మధ్యాహ్నం నా స్నేహితురాలి ఇంట్లో అన్నాలు తిన్నాం. వాళ్లమ్మ కొరమేను పులుసు వడ్డిస్తూ మా ముఖాలు చూసి ఇంకో ముక్క వేసింది. తర్వాత బడి వెనక్కి వెళ్లాం. రాడ్లు దిగ్గొడుతుంటేనే చప్పుడు వేరుగా ఉంది, కరకరమని. మీటరు దగ్గర నేను కూర్చున్నాను. అంకె పెరిగింది. తీగలు జరిపారు, ఇంకా పెరిగింది. ఇంకా దూరం జరిపితే మెల్లగా మళ్లీ దిగిపోయింది.

"పైన ఇసక, మంచినీళ్లు. కింద మళ్లీ ఉప్పు" అంది నా స్నేహితురాలు.

సారు మీటరు వైపు చూడకుండా మా వైపు చూశారు. "నాకు చెప్పడం ఎందుకమ్మా? అదిగో, వాళ్లకి చెప్పు."

ఆమె పెద్దాయన దగ్గరకి వెళ్లింది. "తాతయ్యా, లోతు బోరు వద్దు. ఇక్కడ, పైపైనే వెయ్యండి."

"ఇప్పుడు గట్టిగా చెప్తున్నావా?"

"ఆయ్, గట్టిగానే చెప్తున్నానండీ."

బోరు వేసే రోజు మేమంతా వెళ్లాం. మా నాన్న కూడా షెడ్డు మానేసి నా వెంట వచ్చారు. కొల్లేటి పక్కనే పుట్టి పెరిగి కూడా ఆయన లంకలోకి రావడం అదే మొదలు. చేతి బోరు వేసే మనుషులు గొట్టం తిప్పుతుంటే బంకమట్టి, తర్వాత సన్న ఇసక, తర్వాత మెరిసే ముతక ఇసక వచ్చాయి. పంపు బిగించి కొట్టారు. మొదట బురదనీళ్లు. కొడుతూ కొడుతూ ఉండగా తేటపడ్డాయి. ఎవరూ ముందుకి రాలేదు. అందరూ నా స్నేహితురాలి వైపే చూస్తున్నారు. ఆమె దోసిలి పట్టి ఉప్పుందేమోనని రుచి చూసింది. వెంటనే వాళ్లమ్మ బిందె అందుకుని పంపు కింద పెట్టింది. అంతే, ఆడవాళ్లందరూ ఒక్కసారి కదిలారు.

ఆ నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్లి పరీక్షలన్నీ చేసి, తాగడానికి పనికొస్తాయని తేలాకే ఊళ్లో వాడుకోమన్నాం. అప్పటిదాకా కాళ్లూ చేతులూ కడుక్కోవడానికే అని సారు గట్టిగా చెప్పారు. అయినా ఆ రోజు మా నాన్న ఒక గ్లాసు తాగేశారు. "పరీక్ష కాలేదు కదా!" అని నేను కేకలేస్తుంటే, "మా అమ్మాయి చూపెట్టిన నీళ్లకి పరీక్ష ఏంటండీ" అని పెద్దాయనతో అన్నారు. ఏలూరు తిరిగి వెళ్తూ బస్సులో ఒకటే అడిగారు, "ఆ మిషను సంగతి ఇంకోసారి చెప్పు" అని. తర్వాత వారం దాకా షెడ్డులో ఎవరొచ్చినా రాడ్లు, తీగలు, ఉప్పునీళ్లలో కరెంటు... నేను చెప్పిన దానికంటే ఆయనే బాగా చెప్పేవారు.

వైవాకి వచ్చిన ఎగ్జామినరు చాలా ప్రశ్నలడిగారు. పాత ఏరు ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎన్నాళ్లు నీళ్లిస్తుంది? తెలిసినవి చెప్పాం, తెలియనివి తెలియదన్నాం. ఆ మాట అనడానికి మాకు అప్పటికి బెరుకు పోయింది. మాకు మంచి మార్కులే వచ్చాయి. మరుసటి ఏడాది మా కోర్సులో చేరినవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు కొల్లేటి వైపు వాళ్లు.

ఇప్పుడు నా స్నేహితురాలు భూగర్భజలాల సర్వే పనిలో ఉంది. నేను ఏలూరులో డిగ్రీ పిల్లలకి ఇదే సబ్జెక్టు చెబుతున్నాను. ఏటా ఒకసారి వాళ్లని ఆ లంకకి తీసుకెళ్తాను. రెండేళ్ల కిందట వెళ్లినప్పుడు అక్కడ ఒక గొడవ నడుస్తోంది. పంపు కొట్టడం కష్టంగా ఉంది, మోటారు బిగిద్దామని కొందరు కుర్రాళ్లు పట్టుబట్టారు. పంచాయతీ ఆఫీసు ముందు అందరూ కూర్చున్నారు. నా స్నేహితురాలు ఆ రోజు ఊళ్లో లేదు. నన్ను చూసి, "మేడమ్ గారొచ్చేరు, ఆవిణ్ణే అడుగుదాం" అన్నారెవరో.

నేను నోరు తెరవబోయేలోపు ఆడవాళ్ల వైపు నుంచి నా స్నేహితురాలి తల్లి లేచింది. గట్టు మీద చేపలు బాగుచేస్తూ మా బురద అవస్థ చూసిన మనిషి.

"ఆవిణ్ణి అడగడం ఎందుకయ్యా, నేను చెప్తాను. మంచినీళ్లు పైన పల్చగా ఉన్నాయి. ఉప్పునీళ్లు కింద కాసుక్కూచున్నాయి. మీరు మోటారెట్టి గబగబా లాగేస్తే కిందవి పైకి ఎగదన్నుతాయి. ఒకసారి ఉప్పెక్కిందంటే ఆ బోరు ఇంక మనది కాదు. చెయ్యి నొప్పెడితే నన్ను పిలవండి, నేనొచ్చి కొడతాను."

కుర్రాళ్లు నవ్వి ఊరుకున్నారు. ఒకడు నెమ్మదిగా అడిగాడు, "అంతేనాండీ మేడమ్?"

"అంతే" అన్నాను. "ఇంతకంటే నేనేం చెప్పను?"

మోటారు పెట్టలేదు. నా వెనక నిలబడ్డ డిగ్రీ పిల్లల్లో ఒకమ్మాయి గుసగుసగా, "ఆవిడ ఏ కాలేజీలో చెప్తారండీ?" అని నన్ను అడిగింది.